పెరటి గూట్లో గాజు గ్లాసు

పెరుమాళ్ళ ఆరాధనకని తోడి ఉంచిన బిందెలో నుంచి నేను నీళ్లు తాగేసిన రోజునే నా ఒంట్లో ఏదో తేడా వచ్చిందని ఇంట్లోవాళ్లకు తెలిసింది. నాకు అంతకు ముందే తెలుసు. రాత్రిళ్లు పదే పదే పెరట్లోకి లేచి పోయేదాన్ని. ఎంత తాగినా నాలుక అంగిటికి అతుక్కుపోయేది. ఎండాకాలం గదా, అందరికీ ఇంతేనేమో అనుకుని ఊరుకున్నాను.

మాది దిగువ తిరుపతి. మామగారు కోవెల కైంకర్యంలోనే ఉండి కాలం చేశారు. మా ఆయన కోవెల కచేరీలో గుమాస్తా. ఇంట్లో అత్త, మా ఆయన, నేను, ముగ్గురమే. మా ఇంట్లో పొద్దున్నే తడిబట్టతో నీళ్లు తోడి, వంట చేసి, దేవుడికి చూపించేదాకా ఎవరి గొంతులోనూ చుక్క దిగకూడదు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ మడి వంట నాదే. ఆ రోజు బిందె ముందు నిలబడ్డాను, చెంబు ముంచాను, తాగాను. మళ్లీ ముంచాను. మూడో చెంబు నోటి దగ్గర ఉండగా అత్త వచ్చింది.

"అమ్మీ! ఏం పని చేసినావు! పెరుమాళ్ళకు పెట్టకుండానే తాగేసినావా?"

"దప్పికకు తాళలేకపోయినాను అత్తా."

ఆమె బిందె వంపేసి, మళ్లీ స్నానం చేసి, మళ్లీ నీళ్లు తోడుకుంది. మధ్యాహ్నం తను నాకు అన్నం వడ్డిస్తుంటే నా గాజులు మోచేతి దాకా జారడం చూసి, "ఇంతగా చిక్కిపోయినావేందిమ్మీ? నాకు కండ్లు లేకపోయె!" అని గరిటె కింద పెట్టేసింది. ఆ సాయంత్రమే మా ఆయనతో, దీన్ని చిత్తూరికి పిలుచుకుపో అని చెప్పింది.

అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచేవి. ఎత్తు వస్తే జనం దిగి నడిచేవాళ్లు. నాకు దిగే ఓపిక లేదు, మా ఆయన అందరికీ దండం పెట్టి నన్ను కూర్చోబెట్టారు. చిత్తూరు ఆసుపత్రిలో డాక్టరుగారు పెద్దవయసు మనిషి. నా మూత్రాన్ని నీలం నీళ్లలో వేసి కాచి, గాజు గొట్టం ఎత్తి చూపించారు. లోపల అంతా ఇటుకపొడి రంగు.

"డయాబిటిస్ అమ్మా. ఇంత చిన్న వయసులో వస్తే పథ్యంతో మాత్రం పోయేది కాదు. ఇన్సులిన్ వేసుకోవాల."

"ఎన్నాళ్లు వేసుకోవాల?" అన్నాను.

"ఉన్నన్నాళ్లూ."

"ఆపితే?" అని అడిగారు మా ఆయన.

డాక్టరుగారు ఆయన వైపే చూసి చెప్పారు. "ఆపితే దప్పిక, వాంతులు, కోమా. ఎక్కువ రోజులు పట్టదు. ఈ మందు రాకముందు ఇట్లాంటి బిడ్డల్ని మేము చేతులు కట్టుకోని చూస్తా ఉండినాము."

ఆ మాట నాకు మంచిదైంది. తర్వాత జరిగినదానికి ఆ ఒక్క మాటే పట్టుకుని నిలబడ్డాను.

వార్డులో కొన్ని వారాలు ఉంచుకుని అన్నీ నేర్పించారు. నీటిని మరిగించి సిరంజి ఉడకబెట్టడం, తొడ మీద స్పిరిట్ రాసి సూది వేసుకోవడం. అన్నిటికన్నా ముఖ్యం రంగు చూడటం. టెస్ట్ ట్యూబులో బెనెడిక్ట్ సొల్యూషన్ పోసి, డ్రాపర్‌తో ఎనిమిది చుక్కల మూత్రం వేసి, స్పిరిట్ దీపం మీద కాచాలి. నీలంగానే ఉంటే చక్కెర లేదు. ఆకుపచ్చగా మారితే కొంచెం ఉన్నట్టు. పసుపు, నారింజ, ఇటుక రంగు, ఇట్లా పోయేకొద్దీ ముదిరినట్టు. వరుసగా పసుపుకు వస్తే రెండేసి యూనిట్లు పెంచాలి, నీలంగా ఉంటూ నీరసం చేస్తే తగ్గించాలి. "నువ్వు దినామూ చిత్తూరికి రాలేవు. ఇంట్లో నీకు నువ్వే డాక్టరు. ఒళ్లు వణికి చెమటలు పడితే మాత్రం అది మందు ఎక్కువైన రియాక్షన్. వెంటనే ఇంత చక్కెర నోట్లో వేసుకో," అన్నారు.

అన్నీ నేర్చుకుని ఇంటికి వచ్చాను. ఆ వస్తువులన్నీ యాడ పెట్టుకోవాలన్నదే పెద్ద తగువైంది.

మూత్రం, స్పిరిట్, సూది, గాజు సామాను. వీటిలో ఒక్కటీ మా ఇంట్లో గడప దాటి రావడానికి లేదు. పెరట్లో ఆవును కట్టేసే కొట్టం గోడకు ఒక గూడు ఉంది. అందులో నా దీపం, ట్యూబు, నీలం సీసా, మూత్రం పట్టుకునే చిన్న గాజు గ్లాసు పెట్టుకున్నాను. మందుబుడ్డి చల్లగా ఉండాలని తడి ఇసుక పోసిన కుండలో దింపి పక్కన పెట్టాను. రోజూ ఆ పని చేసే మనిషిని గనుక నేనూ ఆ గూటి లెక్కలోకే పోయాను. వంటింట్లోకి లేదు, దేవుడి గదిలోకి లేదు. వెనక వసారాలో పడక, అక్కడే నా విస్తరి. దూరం నుంచి వడ్డిస్తూ మా అత్త తల వంచుకునేది. ఆమె చెడ్డమనిషి కాదు. నేనేమో మంచి నోరున్నదాన్ని కాదు. "కుక్కకు పెట్టినట్టు పెడుతున్నావే!" అని ఒకసారి అనేశాను. ఆ పూట ఆమె అన్నం తినలేదు, నేనూ తినలేదు. సూది వేసుకుని తినకపోతే ప్రాణం మీదికి వస్తుందని మా ఆయన బతిమాలితే చివరికి నేను తిన్నాను. అలగడానికి కూడా లేని రోగం నాది.

కోవెల ప్రసాదం వస్తే కళ్లకద్దుకుని పక్కన పెట్టాలి. ఏకాదశి ఉపవాసం చేయకూడదు. గరుడసేవ నాడు ఊరంతా మాడవీధిలో ఉంటే నేను పెరట్లో సిరంజి ఉడకబెట్టుకుంటూ మేళాలు విన్నాను. సూది పడిన అరగంటకు అన్నం పడాలి, జనంలో చిక్కుకుంటే నాకు అన్నం ఎవరు పెడతారు? పిల్లల సంగతి అడిగితే డాక్టరుగారు, "ఇప్పుడు వద్దు తల్లీ," అన్నారు. ఎప్పుడో చెప్పలేదు. నేనూ మళ్లీ అడగలేదు.

మా పుట్టిల్లు పూతలపట్టు. చిత్తూరికి చూపించుకోవడానికి పోయినప్పుడల్లా బస్సు అక్కడే ఆగుతుంది. నాయన వచ్చి కిటికీ పట్టుకుని నిలబడేవాడు.

"ఒక్క పూట దిగి పోరాదా తల్లీ? మీ అమ్మ నీకోసం కాసుకోని ఉండాది."

"యాడ దిగేది నాయనా? నా మందు కుండ తిరుపతిలో ఉండాది."

బస్సు కదిలేదాకా కిటికీ వదిలేవాడు కాదు. ఆ కుండకు నన్ను కట్టేశారు గదా అని ఏడుపొచ్చేది.

అయినా ఒక్క సంగతి నా చేతిలో ఉండేది. పొద్దున లేవగానే ట్యూబు కాచి రంగు చూసేదాన్ని. నీలం నీలంగానే నిలిస్తే ఆ రోజంతా నాకు ఒళ్లు తేలిగ్గా ఉండేది. నేను పాటించిన పథ్యం, వేసుకున్న మందు వృథా పోలేదని ఆ గొట్టం ఒక్కటే నాకు చెప్పేది. ఇంట్లో మరెవరికీ అది అర్థమయ్యేది కాదు.

రెండేళ్లు అట్లా నడిచింది. ఆ తర్వాత మామగారి తద్దినం అయిపోయిన కొద్ది రోజులకు రంగు పాడైంది. పచ్చ, మర్నాడు పసుపు, ఆ మర్నాడూ పసుపే. ట్యూబులో తరకలు తరకలుగా ఏదో తేలుతోంది. నేను కొత్తగా తిన్నది ఏమీ లేదు. డాక్టరుగారు చెప్పినట్టే రెండు యూనిట్లు పెంచాను. తగ్గలేదు. మళ్లీ పెంచాను.

"తద్దినానికి చేసిన పరమాన్నం ఏమన్నా రుచి చూసినావా?" అని మా ఆయన నెమ్మదిగానే అడిగారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నోరు కట్టుకోని పడి ఉండాను, ఇంకా దొంగతనం కూడా అంటగట్టండి!" అని అరిచాను. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కానీ నమ్మలేదని నాకు తెలుసు.

ఈలోగా ఒళ్లు వణకడం మొదలైంది. పదకొండు గంటల వేళ చెమటలు, ఊరికే కోపం, కళ్ల ముందు మెరుపులు. రియాక్షన్ అంటే ఇదేనని నాకు చెప్పి ఉన్నారు. కానీ పొద్దున చూసిన రంగు పసుపు గదా! ఒంట్లో చక్కెర కారిపోతుంటే పైన ఇంకా చక్కెర ఎట్లా తినేది? రోగం ముదిరి వణుకు వస్తోందనుకున్నాను. మర్నాడు ఇంకా రెండు పెంచాను. వణికేకొద్దీ మందు, మందు పెరిగేకొద్దీ వణుకు. దానిలో నుంచి బయటపడే దారి నాకు కనిపించలేదు.

ఒకరోజు బావి దగ్గర పడిపోయాను. తర్వాతి సంగతి నాకు వాళ్లు చెప్పినదే. మా ఆయన కచేరీలో ఉన్నారు. అత్త పిలిస్తే పలకలేదట, కళ్లు తేలేశానట. ఇక నేను పోతున్నానని ఆమె అనుకుంది. రెండేళ్లుగా నన్ను ముట్టుకోని మనిషి మడిబట్టతోనే నా తల ఒళ్లోకి తీసుకుంది. "ప్రసాదం నోట్లో పడకుండా పోవద్దు తల్లీ," అని కోవెల నుంచి వచ్చిన చక్కెర పొంగలి వేలితో మెదిపి, తీర్థంతో తడిపి, నాలుక మీద రాసింది. నేను చప్పరించాను. ఆమె మళ్లీ రాసింది. కాసేపటికి కళ్లు తెరిచి, "ఏంది అత్తా, ఏడుస్తుండావు?" అన్నానట.

ఇక చెప్పేదేముంది! సూది చంపబోయింది, పెరుమాళ్ళ ప్రసాదం బతికించింది. చూసినవాళ్లు ఎవరైనా ఆ మాటే అంటారు. అత్త సాయంత్రానికి సిరంజి, మందుబుడ్డి తెచ్చి మా ఆయన ముందు పెట్టింది. "ఇది ఈ ఇంట్లో వద్దు నాయనా. నా కండ్ల ముందర బిడ్డ పోయొచ్చింది." ఆయన బుడ్డిని ఇసుక కుండతో సహా తన గదిలో పెట్టి తాళం వేశారు. చిత్తూరు డాక్టరుగారు సెలవు మీద ఊళ్లో లేరని తెలిసింది. నాయన వచ్చాడు. ఆయనా నా పక్షం కాలేదు.

"నాలుగు దినాలు ఆపి చూస్తామమ్మా, డాక్టరు వచ్చేదాకా."

"ఆపితే చస్తాను నాయనా."

"వేసుకుంటే చావబోయినావు గదమ్మా!"

ఆయన అన్నది జరిగిన సంగతే. అదే నన్ను భయపెట్టింది. వాళ్లు మూర్ఖులైతే పోట్లాడేదాన్ని. నన్ను కాపాడాలనే ముగ్గురూ తలుపు మూస్తున్నారు, నాకేమో అది తెరవడానికి ఒక్క మాట దొరకడం లేదు. మర్నాటికే దప్పిక తిరిగి వచ్చింది. ఆ మర్నాడు చెంబు పక్కన పెట్టుకునే పడుకున్నాను. పాత రోజులు మళ్లీ వస్తున్నాయని, ఈసారి ఇక చిత్తూరు దాకా కూడా పోనని తెలిసిపోయింది. చచ్చేంత భయం వేసింది. అంతకన్నా ఎక్కువ కోపం వచ్చింది.

ఆ కోపంతోనే గూటి దగ్గరికి పోయాను. ఆ నీలం సీసా పాతబడి చెడిపోయిందేమో, అందుకే అబద్ధం చెబుతోందేమో అనిపించింది. చెడిపోయి ఉంటే ఉత్త నీళ్లకు కూడా రంగు మారాలి గదా! గ్లాసు తీసి బావి నీళ్లు కొంచెం పోశాను. డ్రాపర్‌తో ఎనిమిది చుక్కలు వేసి కాచాను. పచ్చగా మారి, పసుపులోకి తిరిగింది.

ఉత్త బావి నీళ్లకు డయాబిటిస్!

నవ్వొచ్చింది. సీసా పారేద్దామని ఎత్తి, ఎందుకో ఆగాను. ట్యూబు, డ్రాపర్ కడిగి, ఈసారి గ్లాసులో పోయకుండా, బొక్కెనలో నుంచే నేరుగా డ్రాపర్‌తో తీసి వేశాను. కాచాను. నీలం. ఎంతసేపు కాచినా నీలమే.

సీసాలో తప్పు లేదు. తప్పు గ్లాసులో ఉంది. వెలుతురుకు పట్టి చూస్తే అడుగున తెల్లటి చార. వాసన చూశాను. పెరుగు వాసన, ఆవు వాసన. కొట్టం పక్కనే ఉండే గూడు కాబట్టి ఇన్నాళ్లూ ఆ వాసన నాకు వేరుగా తెలియలేదు. రోజూ పని అవగానే నేను గ్లాసు కడిగి బోర్లించి పోతాను, మర్నాడు అట్లాగే తీసుకుంటాను. మధ్యలో దాన్ని ముట్టేది ఎవరు?

వెనక అడుగుల చప్పుడైంది. అత్త తడిబట్టతో నిలబడి ఉంది. ఒక చేతిలో వెండి గిన్నె, ఒక చేతిలో ఉద్ధరిణి.

"అదేంది అత్తా?"

"పంచగవ్యం అమ్మీ." తప్పు చేస్తూ దొరికిన పిల్లలా కాదు, మామూలుగానే చెప్పింది. పాలు, పెరుగు, నెయ్యి, గోమూత్రం, గోమయం కలిపి ఇల్లు శుద్ధి చేసేది. తద్దినం నాడు ఇల్లంతా చల్లినదే.

"దాన్ని నా గ్లాసులో పోస్తుండావా?"

"దినామూ ఒక ఉద్ధరిణెడు పోసి, అంతా తిప్పి వంపేస్తా. దాన్ని మళ్లా కడక్కూడదు గదా, అట్లనే బోర్లించి, పోయి మళ్లా స్నానం చేస్తా. తద్దినం పెట్టించను వచ్చిన పెద్ద స్వామిని అడిగినానమ్మీ, మా కోడల్ని మళ్లా వంటింట్లోకి పిలుచుకోవాలంటే ఏం చేయాలని. ఆ తావు, ఆ సామాను ఒక మండలం దినాలు విడవకుండా శుద్ధి చేస్తే పిలుచుకోవచ్చునని చెప్పినాడు. నీకు ముందే చెప్పి ఆశ పెట్టకూడదని ఊరుకున్నా." ఆమె వంగి గిన్నె కింద పెట్టింది. "ఆ వసారాలో నీకు విస్తరేసి వస్తుంటే నాకు ముద్ద దిగేది లేదమ్మీ. కుక్కకు పెట్టినట్టు అన్నావు. ఆ మాట ఇంకా ఈడనే ఉండాది."

నేను కొట్టం గట్టు మీద కూర్చున్నాను. ఇన్నాళ్లూ నన్ను బయటే ఉంచాలనుకుంటోందని తిట్టుకున్న మనిషి నన్ను లోపలికి తీసుకుపోవడానికి నడుం కట్టుకుంది. అదే నన్ను చావు దాకా తీసుకుపోయింది. కోపం తెచ్చుకోవాలో ఏడవాలో తెలియలేదు. రెండూ వచ్చాయి.

మా ఆయన్ను, నాయనను పిలిచాను. కొత్త సొల్యూషన్ పోసి, ఆ వెండి గిన్నెలోని పంచగవ్యమే ఎనిమిది చుక్కలు వేసి కాచాను. అందరి కళ్ల ముందూ అది ఇటుక రంగుకు తిరిగింది. తర్వాత ఉత్త బావి నీళ్లు కాచాను. నీలం.

"దాంట్లో చక్కెర ఎవురేసినారు?" అంది అత్త ఆశ్చర్యంగా.

"ఎవురూ వేయలేదు అత్తా. పాలల్లోనే ఉన్నట్టుంది." నాకు అప్పుడు అంతే తోచింది. పాలకు తన చక్కెర తనకు ఉంటుందని, ఈ నీలం నీళ్లకు ఏది ఏ చక్కెరో తెలియదని డాక్టరుగారు తర్వాత చెప్పారు.

మా ఆయన ట్యూబును చాలాసేపు చూశారు. పరమాన్నం మాట గుర్తొచ్చిందేమో, నా ముఖం వైపు చూడలేకపోయారు. లోపలికి పోయి తాళం తీసి కుండ తెచ్చి నా ముందు పెట్టారు. ఆ పూట పాత కొలత ప్రకారం మందు వేసుకున్నాను. రెండు మూడు రోజుల్లో దప్పిక తగ్గింది. డాక్టరుగారు ఊరి నుంచి రాగానే పోతే, ముందు తిట్లు పడ్డాయి. "చెమటలు కారుతుంటే రంగు చూసుకుంటా కూర్చుంటావా? లేని చక్కెరకు మందు పెంచుకుంటా పోయినావు, పొంగల్లోని చక్కెరే నిన్ను లేపింది. గొట్టం తప్పు చెప్పొచ్చు. ఒళ్లు చెప్పేది కూడా వినాల గదా!"

అయితే ముడి అక్కడితో విడిపోలేదు. గ్లాసు శుద్ధి అయితే నేను వంటింట్లోకి పోవచ్చు. గ్లాసు ఉత్తగా ఉంటేనే నేను బతకవచ్చు. రెండూ కుదరవని తెలిసిన రోజున అత్త ఆ వెండి గిన్నె కడిగి లోపల బోర్లించేసింది.

మర్నాడు పొద్దున నేను గూటి దగ్గరికి పోయేసరికి ఆమె అక్కడ గట్టు మీద కూర్చుని ఉంది. ఇంకా స్నానం చేయలేదు.

"ముందు నీళ్లు కాచి సూపించు," అంది.

యుద్ధం ముగిసింది, స్వరాజ్యం వచ్చింది, పెట్రోలు బస్సులు వచ్చాయి. నాకు మాత్రం ఆ గూడే. ఇప్పటికీ వెనక వసారాలోనే పడుకుంటాను, గరుడసేవ ఇప్పటికీ చెవులతోనే చూస్తాను. విసుగు లేదని చెబితే అబద్ధం. ఒక్కోరోజు ట్యూబును బండకేసి కొట్టాలనిపిస్తుంది. కానీ ఆ పొద్దు నుంచి ఈ పొద్దు దాకా మా అత్త రావడం మానలేదు. నేను పని ముగించేదాకా ఆ మైలలో కూర్చుని, తర్వాత పోయి తలస్నానం చేసి మడి కట్టుకుంటుంది. చలికాలంలో కూడా. వద్దంటే వినదు. వంటింట్లో తినడం కూడా మానేసింది. దేవుడికి చూపించాక తన విస్తరి తెచ్చి వసారాలో నా విస్తరి పక్కన వేసుకుంటుంది. "నిన్ను లోపలికి పిలుచుకుపోదామనుకుంటినమ్మీ," అంది మొన్న, మజ్జిగ పోసుకుంటూ. "నేనే బయటికి వచ్చి కూర్చుంటిని." అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నాలాగా ఇంట్లోనే రంగు చూసుకుని మందు వేసుకునేవాళ్లకు చెప్పేది ఒక్కటే. మూత్రం కాచే ముందు, అదే గ్లాసులో, అదే గొట్టంలో ఉత్త నీళ్లు పోసి కాచి చూడండి. నీళ్లు నీలంగా నిలిస్తేనే ఆ తర్వాత వచ్చే రంగును నమ్మండి. మా ఇంట్లో ఇప్పుడు మా అత్త చూపు మందగించింది. నీళ్లు కాగేదాకా ఊరుకుని, "నీలమేనా అమ్మీ?" అని అడుగుతుంది. "నీలమే అత్తా," అని నేను చెబితేగానీ గట్టు మీద నుంచి లేవదు.